మూడో దెబ్బ

ముంబై, కామాటిపుర, పదకొండో గల్లీ,
గురువారం.

అమ్మకు, నీ కొడుకు కునాల్ కాళ్లకు మొక్కి రాసేది. ఇక్కడ నేనూ చెల్లెలు ప్రణాలీ తిని తిరుగుతున్నాం. నాయన కూడా ఉన్నాడు. మీ ఊళ్లో నువ్వూ మామయ్య ఇంటివాళ్లూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో మాట్లాడితే మామయ్య పక్కనే నిలబడి వింటాడని రాశావు కదా, అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను. మునిసిపాలిటీ తెలుగు బడిలో నువ్వు బలవంతాన వేసి నేర్పించిన అక్షరాలే ఇవి. కోడి గీకినట్టున్నా కూడబలుక్కుని చదువుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నీళ్లు పొద్దున ఐదుకే వస్తున్నాయి. నువ్వు చపాతీలు చేసే నాగ్‌పాడా ఇంటామె ఇంకో మనిషిని పెట్టుకుంది. ఆ చపాతీలు అప్పడాల్లా విరుగుతున్నాయని రోజూ నిన్ను తలుచుకుంటోందట, బాగా అయింది. ప్రణాలి కాలేజీకి పోతోంది. ఎడమ చెవి గురించి మాత్రం నువ్వు ఒక్క ముక్క రాయలేదు. చీము ఆగిందా? పాలమూరు డాక్టరు ఏమన్నాడు? వినబడకపోతే వినబడడం లేదనే రాయి, నా దగ్గర దాచకు. దాచొద్దని చెప్పడానికి నాకు సిగ్గుండాలి, ఆ సంగతి కింద రాస్తాను.

గిటారు వదిలేసి బెంజో ఎందుకు పట్టావని అడిగావు. పక్కగది లక్ష్మవ్వ చెప్పి ఉంటుంది, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. దసరా దేవి ఊరేగింపులో వాయించడానికి నాయన ముందే సుపారి, అదే వక్క బయానా, తీసుకున్నాడు. మన మేళం పద్ధతి నీకు తెలుసు. ఎర్రగుడ్డలో వక్క చుట్టి బెంజోకు కట్టించుకున్నాక మాట తిప్పేది లేదు. కట్టించుకున్నవాడు రాలేకపోతే ఆ ఇంటివాడే వాయించాలి, బయటివాడు ముట్టకూడదు. నాయన మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడని మామయ్య నీకు చెప్పే ఉంటాడు. మరి ఆ ఇంటివాణ్ని నేనే కదా.

గిటారు నాకు ఎవరూ నేర్పలేదు, ఫోను చూసి నేర్చుకున్నాను. బెంజో కూడా అట్లాగే మొదలుపెట్టాను. నేర్పగలిగినవాడు మంచం మీద కూర్చునే ఉన్నాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. గిటారు మీద నాలుగు వేళ్లు పెడితే నాలుగు స్వరాలు కలిసి పలుకుతాయి. ఆ అలవాటుతో ఎడమచేత్తో బెంజో మీటలు నాలుగూ ఒక్కసారే నొక్కాను. ఒక్క స్వరం పలికి ఊరుకుంది. గిటారులో లాగా తీగల మీద మెల్లగా కుడిచెయ్యి జారిస్తే మన గదిలోనే సరిగ్గా వినబడలేదు, ఇక వీధిలో ఏం వినబడుతుంది? రోజూ తప్పే. తప్పు పడ్డప్పుడల్లా నాయన కళ్లు మూసుకునేవాడు.

చివరికి అసలు ప్రశ్న. "మీ నాయన మెత్తవడ్డడు, మారిండు, ఇగ నువ్వు పో అంటున్నడు మీ మామ. నిజమేనా బిడ్డా? పండుగకు రానా?" అని రాశావు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. అతను మారలేదు, చెయ్యి లేవడం లేదంతే. ఎడమచేత్తో గ్లాసు విసరడం నేర్చుకుంటున్నాడు. అతను మెట్ల మీద పడలేదమ్మా. నేను కొట్టాను. నువ్వు ఎండాకాలమంతా చపాతీలు ఒత్తి కొనిచ్చిన గిటారుతోనే కొట్టాను.

నువ్వు వెళ్లిన నెలకు, ఆదివారం మధ్యాహ్నం. నాయన తాగి కూడా లేడు. ప్రణాలిని నిలబెట్టి, "ఫోన్ జెయ్యే మీ అమ్మకు. రేపటికి ఈడుండాలె" అన్నాడు. అది "మీ నాహీ కరణార్" అని మరాఠీలో తెగేసి చెప్పింది, చెయ్యనని. "ఒక చెవు వోతె గూడ మీ అమ్మకు బుద్ధి రాలె. నీకు రెండు వోవాలె" అని చెయ్యెత్తాడు.

నీ చెవి మీద పడ్డదీ ఆ చెయ్యే. గోడకున్న గిటారు నా చేతికి ఎప్పుడొచ్చిందో తెలియదు. మొదటి దెబ్బ, ఎత్తిన ఆ మణికట్టు మీద కొట్టాను. అది ప్రణాలి కోసం. రెండోది భుజం మీద. అది నీ కోసం. అతను కూలబడ్డాడు, అరచెయ్యి తెరిచి బండల మీద పడిపోయాడు. నోట్లోంచి చొంగ కారుతోంది. "ఇగ సాలుర కునాల్, నీ కాల్మొక్త" అన్నాడు. అప్పుడు నేను అతని మోచేతిని కాలితో తొక్కిపట్టి, గురి చూసుకుని, ఆ చేతి మీద మూడో దెబ్బ వేశాను. ఎముకలు పటపటమన్నాయి. గిటారు బుర్ర పగిలి, తెగిన తీగలు అతని వేళ్లలో దిగి నెత్తురొచ్చింది.

ఆ మూడో దెబ్బ మీ ఎవరి కోసమూ కాదు. నాకు హాయిగా అనిపించింది, అందుకే కొట్టాను.

ఆస్పత్రిలో మెట్ల మీద పడ్డానని నాయనే చెప్పాడు. నేను పక్కన నిలబడి తలూపాను. ఆ వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు అన్నాడు. లక్ష్మవ్వ తలుపు సందులోంచి అంతా చూసింది. నీకు చెప్పలేదంటే నా మీద జాలే అయి ఉంటుంది.

మొన్న మంగళవారం బెంజో ముందు కూర్చున్నాను. మూడు వారాల తర్వాత నాయన మొదటిసారి నాతో మాట్లాడాడు. "గోకుతున్నవేందిర? కొట్టు" అన్నాడు. కొట్టాను. మణికట్టుకు ఆ విసురు ముందే తెలుసు. మన చాల్‌లో గదులన్నీ మోగిపోయాయి, జనం గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. నాయన నవ్వాడు. "ఇప్పుడు నా కొడుకువురా" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పడానికి కూడా భయంగా ఉంది.

వెంటనే ఇంకో స్వరం తప్పాను. ప్రణాలి పకపకా నవ్వింది. నా చెయ్యి లేచింది. అది వెంటనే ఎడమ చెవిని అరచేత్తో మూసుకుంది, అచ్చం నీలాగే. నేను కొట్టలేదమ్మా, దేవి మీద ఒట్టు. కానీ లేచింది నా చెయ్యే. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?

అందుకే ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడం లేదు. ప్రణాలి చేతికిచ్చి, ఊరికి వస్తున్న మల్లయ్య కాకావాళ్లతో రేపు పాలమూరు బస్సు ఎక్కిస్తున్నాను. నువ్వు ఇది చదివేటప్పటికి అది నీ ఎదుటే ఉంటుంది. దాన్ని తిరిగి పంపకు, నువ్వూ రాకు. మామయ్య పొమ్మంటే ఈ కాగితం చదివి వినిపించు. నాయనకు అన్నం నేను వండి పెడతాను. దసరా రోజు వాయించి, ఆ వక్క ముడి విప్పి బెంజోను అటక మీద పడేస్తాను. నా చెయ్యి ఎవరి మీదా లేవకుండా ఏడాది గడిస్తే అప్పుడు నేనే రాస్తాను, రమ్మని.

ప్రణాలికి జడ వేసేటప్పుడు మాత్రం ముందు చెప్పి చెయ్యెత్తు.

ఇట్లు,
నీకు కూడా కొడుకునే,
కునాల్.