గొర్లు పండుకున్న వాకిలి

జర ఆగు బావా, బూట్లు ఇడవకముందే గిది విను. అన్నం కుక్కర్ల ఉన్నది, పప్పు వేడి చేసుకో. నేను దేవరకొండకు పోతున్న, అవ్వ దగ్గర తాత గొంగడి అడిగి తెస్త. మనం ఇల్లు మారుతున్న హిమాచల్ సోలన్‌ల చలి మస్తుంటదంట కదా.

అక్కడ బస్టాండ్ పక్కన ఇల్లే కిరాయికి తీసుకుందామన్నవు. కానీ కొండమీది ఇంటామె పొద్దుగాల వీడియో పంపింది. వాకిట్ల ఎండ పడ్డది, ఆ ఎండల ఏడు గొర్లు పండుకొని నెమరేస్తున్నయి బావా! యాదికున్నదా, ఎండకాలం సెలవులల్ల మన పెద్దులు తాతెంబడి మందకు పోయేటోళ్లం. రాత్రి ఆగే జాగాను తాత ఎంచేటోడు కాదు. గొర్లు యాడ పండుకుంటే ఆడనే గొంగడి పరిచేటోడు. "యాడ గాలి కొట్టదో, యాడ నేల వెచ్చగుంటదో మనకంటె వాటికే ఎరుక పిల్లా" అనేటోడు. ఆ గొంగడి నడుమల నువ్వే పండుకునేటోనివి, నేను అంచున వణికేదాన్ని!

ఆ కొండమీది ఇంటికి నూటిరవై మెట్లు ఎవరెక్కాలె అంటవు, తెలుసు. మూడు దినాల సంది చెప్పబోతే ఫోన్ల నుంచి తల ఎత్తుతలేవు, అందుకే రాసిన. ఇయ్యాల ఆరింటిలోపట ఆ ఇద్దరు ఇంటోళ్లల్ల ఒకరికి మాట చెప్పాలె. నువ్వే చెప్పు.

సుమన

ఇంకొక్కటి: తాతే ఉండి ఆ గొంగడి నీ చేతికిస్తే, నువ్వు యాడ పరుస్తవు బావా?