పైటకొంగుతో తుడిచిన పలక

ఫిబ్రవరి 3
మార్కాపురం. పాత దొరబంగళా. రిపేర్లు మొదలయ్యేలోపు పునాదుల దగ్గర తవ్వి చూడటానికి మా పురావస్తు శాఖకిచ్చింది రెండు వారాలు. ఎండ అప్పుడే మాడుస్తోంది.
కూలికి వచ్చినవాళ్లలో సువార్తమ్మ అనే ముసలామె. ఇన్నేళ్లూ పలకల ఫ్యాక్టరీలో పని. ఆపకుండా దగ్గు. వద్దందామనుకున్నా... "పార పట్టలేను గానీ మట్టి జల్లిస్తాలే కోడలా" అంది.

ఫిబ్రవరి 5
ఎందుకొచ్చిందో ఇవాళ చెప్పింది. ఈ వరండాలో ఒకప్పుడు దొరసాని బడి. సువార్తమ్మ తమ్ముడు రత్నం ఇక్కడే రెండో తరగతి. జ్వరమొచ్చి పోయాడు.
"నన్ను పలకల పనికి తోలి వాణ్ని బడికి పంపినారు. ఒక్క ఫోటో గూడా లేదు. వాడిదేమన్నా దొరుకుద్దేమోనని వచ్చినా."
ఏం దొరుకుతుంది అత్తా... అనబోయి, జల్లెడ ఆమె చేతికిచ్చాను.

ఫిబ్రవరి 8
గచ్చు కింద తుప్పుపట్టిన రేకుపెట్టె! లోపల ఆరు పలకలు. పొడిగా, బలపం రాత చెక్కుచెదరకుండా.
పైదాని మీద వంకర అక్షరాలు — రత్నం, 2వ తరగతి. కళ్లారా చదివాను. ఫోటో తీద్దామని కెమెరా కోసం వెళ్లి తిరిగొచ్చేసరికి...
సువార్తమ్మ తుడిచేసింది. ఉఫ్ అని ఊది, పైటకొంగుతో మూలమూలా. పలక చేతికొస్తే తుడిచి కట్టలో పెట్టడమే కదా జన్మంతా చేసింది. నిగనిగలాడే పలక నా చేతికిచ్చి నవ్వింది.
"మంచి రాయి కోడలా. ఇట్లాంటిది ఇప్పుడు యాడ దొరుకుద్ది?"
ముట్టుకోవద్దని ముందే చెప్పాల్సింది నేను. బుద్ధిలేనిదాన్ని.

ఫిబ్రవరి 9
రిజిస్టరులో రాశాను: పలక 1. రాత లేదు.
అబద్ధం కాదు. సిగ్గేస్తోంది.

ఫిబ్రవరి 11
మిగతా ఐదూ చూశాను. ఎక్కాలు, గుణింతాలు, ఒకదాని మీద కోడిపుంజు. పేర్లు లేవు.
"మావోడిది కనపడిందా?" టీ దగ్గర ఒకసారి, ఇంటికి పోయేటప్పుడు ఒకసారి. చూస్తున్నా అత్తా, చూస్తున్నా...

ఫిబ్రవరి 13
కొత్త పలక తెచ్చింది ఇవాళ. బలపం కూడా.
"నీకు పని ఎక్కువైపాయె. వాడి పేరు ఎట్ల ఉంటదో దీని మీద రాసియ్యి. సదువు రాకున్నా గీతలు పోల్చుకుంటా. నేనే ఎతుక్కుంటా."
తప్పించుకోలేకపోయాను. పక్కనే కూర్చుంది, దగ్గు ఆపుకుంటూ.
ర రాశాను. త్న రాశాను. ఆ గీతల వెంట వేలు పోనిచ్చి ఆగింది. తల వంచి తన పైటకొంగు వంక చూసుకుంది.
సున్న పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.