నరం కాదమ్మా

అమ్మా,

ఈ ఉదయం పిన్ని ఎడమకాలి పట్టీ చర్మంలోకి దిగబడి కనిపించింది. కుడికాలిది మాత్రం ఎప్పటిలాగే మడమ మీదికి జారుతోంది. ఎడమకాలు అంతలా వాచింది.

"నరం పట్టిందిలేవే. రోజంతా మిర్చి తొడిమలు తీస్తా కూచుంటే పట్టదా? కాస్త ఆముదం కాచి పట్రా, రుద్దితే పోద్ది," అంది.

నీ కాలు వాచినప్పుడూ అందరం అదే మాట అన్నాం. అలాగే రుద్దాం. ఆ వాపు తగ్గకముందే నీకు ఊపిరి అందలేదు. కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని డాక్టరు చెప్పేసరికి నువ్వు లేవు.

నేను గట్టిగా మాట్లాడటం నువ్వెప్పుడూ వినలేదు కదా. ఇవాళ అరిచాను. "రుద్దొద్దు పిన్నీ! పద, గుంటూరు వెళ్దాం."

"ఓసినీ, నీకింత గొంతుందా!" అంటూనే ఆటో ఎక్కింది.

స్కాన్ గదిలో డాక్టరమ్మ పిన్ని కాలికి చల్లటి జెల్ రాసి, చిన్న పరికరంతో నొక్కుతూ తెర చూపించింది. మంచి రక్తనాళమైతే నొక్కగానే మూసుకుంటుందట. మోకాలి వెనక ఒకటి మూసుకోలేదు.

"గడ్డ ఇక్కడే ఉందమ్మా. ఇవాళే మందులు మొదలుపెడదాం," అంది.

పిన్నికి నొప్పి కూడా తెలియలేదు. బయట మేం చెప్పిన టీ వచ్చేలోపే స్కాన్ అయిపోయింది.

పిన్ని తెర వంకే చూస్తూ, "మా అక్కకీ ఇట్టా చూసుంటే తెలిసేదా?" అని అడిగింది. డాక్టరమ్మకు ఏ అక్కో అర్థం కాలేదు. నేను పిన్ని కాలి మీది జెల్ తుడిచాను.

ఆ స్కాన్ సెంటర్, నువ్వు రోజూ మిర్చి యార్డుకని ఆటో దిగే చోటికి సరిగ్గా ఎదురుగా ఉంది.