రికార్డులెవరికి, బెల్టెవరికి

ఈ కింద సంతకం చేసిన నేను, వయసు డెబ్బై ఆరు, వృత్తి కళ్లజోళ్ల దుకాణం, నా మనసు నా అదుపులో ఉండగా, ఎవరి బలవంతమూ బతిమాలుడూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు. ఇంతకుముందు నేనేమీ రాయలేదు, కానీ ఆ వాక్యం ఉండి తీరాలని ఎదురుగా కూర్చున్న వకీలు గారు పట్టుబట్టారు.

మనసు అదుపులో ఉందన్న మాటను మా అల్లుడు ఒప్పుకోకపోవచ్చు. ఆయన చెవుల డాక్టరు. ఒకసారి నేను అరవైల నాటి రాక్ ఆల్బం ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. రికార్డుకు ఒక పక్క మొత్తం తలుపు కిర్రుమనే చప్పుడు, టేపు వెనక్కి తిప్పి వినిపించిన గిటారు తప్ప ఇంకేమీ లేదు. అల్లుడు చివరిదాకా ఓపిక పట్టి, "మతి స్థిమితంగా ఉన్నవాళ్లు వినేవేనా మావయ్యగారూ ఇవి?" అన్నారు. అందుచేత రుజువు చూపిస్తున్నాను. నా దగ్గరున్న ఏ రికార్డయినా సరే, సూది ఆనగానే, పాట మొదలు కాకముందే వచ్చే చిటపటలను బట్టి అదేదో చెప్పేస్తాను. మతి తప్పినవాడి వల్ల అయ్యే పని కాదిది.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అమ్మాయిది. సాక్షులు ఇద్దరు: పై వాటా ఆవిడ, మా బావమరిది పానా. అతనికి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. చేతిలో పానా లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఆస్తి రాయకూడదని, రాసినా చెల్లదని వకీలు గారు చెప్పారు. ఆ మాట చెవిన పడగానే పానాకు కబురు పెట్టాను. పాపం, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి దుకాణం ముందు గదిలో బల్ల మీద కూర్చున్నాడు. పదకొండేళ్లుగా మా ఇద్దరి మధ్య ముక్తసరి మాటలే.

1. దుకాణం, అందులోని అద్దాలు, ఫ్రేములు, కంటి పరీక్ష పలక సర్వహక్కులతో మా అమ్మాయికి చెందవలెను. నడుపుతున్నది ఎలాగూ తనే. నేను మూల కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లకు అక్కర్లేని పాటలు వినిపిస్తుంటాను. దుకాణంతోపాటు గోడకు తగిలించిన నారింజ రంగు అట్ట కూడా అమ్మాయిదే. అది సైకడెలిక్ ఆల్బం అట్ట. సైకడెలిక్ అంటే ఏమిటని ఇంట్లో అందరూ ఒక్కోసారి అడిగారు, ఎవరూ రెండోసారి అడగలేదు కాబట్టి ఇక్కడ వివరించను. అట్ట మీద బ్యాండు పేరు కరిగి కారిన కొవ్వొత్తిలా ఉంటుంది. పలక చదివించాక నేను వాడే రెండో పరీక్ష అదే.

ఆ పరీక్షలో నెగ్గినది మా ఆవిడ ఒక్కతే. పెళ్లికి ముందు కళ్లు చూపించుకోవడానికి వచ్చి, పలక దాకా వెళ్లకుండానే, నాకే అంతుపట్టని ఆ పేరును గడగడా చదివేసింది. మీకు జోడు అక్కర్లేదండీ అన్నాను. సరేనని లేచి, నేరుగా వెళ్లి అద్దాల తలుపును గుద్దుకుంది. తర్వాత తేలిందేమిటంటే అదే రికార్డు వాళ్లింట్లోనూ ఉంది, ఆ పేరు ఆవిడకు కంఠతా వచ్చు. నుదుటి బొప్పి తగ్గేలోపు ఆవిడకు జోడు ఇచ్చాను, ఏడాది తిరిగేలోపు జోడయ్యాను. ఈ అట్టను ఎవరూ అమ్మరాదు, దించరాదు.

2. గ్యారేజీ రికార్డులు. ఇవి అరవైలలో నలుగురు కుర్రాళ్లు ఇంటి కారు షెడ్డులో చేరి, సాధన తక్కువ, పట్టుదల ఎక్కువగా వాయించిన పాటలు. ఆ జాతి సంగీతానికి ఆ పేరే స్థిరపడింది. నేను బుద్ధిగా ఆ అర మీద "గ్యారేజీ" అని చీటీ అంటించాను. మేం ఊళ్లో లేని రోజు పానా వచ్చి అర మొత్తం ఖాళీ చేసి మోసుకుపోయాడు. అడిగితే, "గ్యారేజీకి అని మీరే రాసి పెట్టారు గదా బావా" అన్నాడు. ఏడాదిగా ఆ చీటీ చూస్తూ, బావ ఇంత ప్రేమగా తీసిపెడితే తీసుకెళ్లకపోతే బాగుండదని మొహమాటపడి తీసుకెళ్లాడట. ప్రతి అట్ట మీదా ఇంజను ఆయిలు వేలిముద్రలతో అవి తిరిగొచ్చాయి. ఆయిలు వల్ల ధ్వని చెడిందా అని నెల రోజులు విన్నాను. ముందే అలా ఉందా, తర్వాత అలా అయిందా అన్నది తేలలేదు. ఈ రకం సంగీతంతో వచ్చిన చిక్కే అది.

ఈ రికార్డులన్నీ మా మనవరాలికి చెందవలెను. తను డ్రమ్స్ వాయిస్తుంది. ఇంట్లో వాయిస్తే వాళ్ల నాన్న చెవుల గురించి ఉపన్యాసం ఇస్తారని, స్నేహితురాళ్లతో కలిసి పానా షెడ్డులో వాయిస్తుంది. గ్యారేజీలో గ్యారేజీ సంగీతం వాయించేది మా వంశంలో తనొక్కతే కనుక న్యాయంగా హక్కు తనదే. వేలిముద్రలు తుడవవద్దు. ఇప్పుడు చూస్తే అవి అట్టలకు నప్పాయి.

3. తలుపు కిర్రుమనే ఆల్బం సర్వహక్కులతో మా అల్లుడికి ఇవ్వడమైనది. షరతు ఒకటే: ఫోను పక్క గదిలో పెట్టి, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వినాలి. విన్నారో లేదో అమ్మాయి నిర్ధారించాలి. ఆయన మంచివాడు. నా చెవులకు ఏటా పరీక్ష చేసి, ఈ వయసుకు ఇంత బాగా ఎలా ఉన్నాయో అర్థం కావడం లేదని ప్రతిసారీ నిరాశపడతారు.

4. పై వాటా ఆవిడకు నా తదనంతరం ప్రశాంతత ఇస్తున్నాను. నేను శబ్దం పెంచినప్పుడల్లా ఆవిడ చీపురు కర్రతో నేల మీద కొట్టేవారు. న్యాయంగా చెప్పాలంటే తాళం ఎప్పుడూ తప్పలేదు. ప్రశాంతత ఆస్తి కిందికి రాదు కాబట్టి ఆవిడ సాక్షి సంతకానికి అడ్డు లేదని వకీలు గారు అన్నారు.

5. రికార్డు ప్లేయరు. దీని గురించి కొంచెం పొడుగ్గా రాయాలి.

రికార్డు పెట్టే పళ్లేన్ని తిప్పేది లోపలున్న రబ్బరు బెల్టు. మాది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగింది, మేం గమనించలేదు. కాబట్టి మా ఇంట్లో అన్ని పాటలూ నెమ్మదిగా నడిచేవి. ఆ నారింజ అట్ట రికార్డులో పాడినవాడిది మాకు తెలిసినంతవరకూ బరువైన గొంతు, అప్పుడే నిద్రలేచినవాడి గొంతు. మా ఆవిడదీ లోగొంతే. చిన్నప్పుడు బళ్లో పాటల బృందంలో నోరు మాత్రం ఆడించమనేవారట. ఆవిడ గొంతుకు సరిగ్గా సరిపోయిన పాట జీవితంలో ఆ ఒక్కటే. బట్టలు మడతపెడుతూ, కూరగాయలు తరుగుతూ అదే పాడేది. నాకు అంతకన్నా ఇష్టమైన సంగీతం లేదు. ఉన్న ఆల్బంలన్నీ ఆ పాట తర్వాతే.

ఆవిడ మంచాన పడిన రోజుల్లో, అక్కను సంతోషపెట్టాలని పానా వచ్చి ప్లేయరు విప్పి, కొత్త బెల్టు వేసి, నూనె పెట్టి వెళ్లాడు. ఆ దెబ్బతో నారింజ రికార్డులో పాడేవాడు మీసాలు రాని కుర్రాడైపోయాడు. ఆవిడ రెండో చరణానికి ఊపిరి తీసుకునేలోపు పాట అయిపోయేది. రెండుసార్లు వెనక పరిగెత్తి, మూడోసారి ఊరుకుంది. తమ్ముడితో మాత్రం చాలా బాగా మోగుతోందని చెప్పింది. అతను వెళ్లాక పాత బెల్టును నా చేత చెత్తబుట్టలోంచి తీయించి, తన కళ్లజోడు డబ్బాలో దాచుకుంది. "వాడు ముచ్చటపడి చేశాడు. బతికుండగా వాడికి చెప్పకండి" అంది. చెప్పనని మాట ఇచ్చాను.

పాత బెల్టు మళ్లీ వేసే వేళ ఆవిడకు మిగల్లేదు. నాకు అద్దాలు తెలుసు, బెల్టులు తెలియవు. వేయగలిగినవాడు పానా ఒక్కడే. అడిగితే ఎందుకని అడుగుతాడు. అందుకని పదకొండేళ్లుగా ఆ పాట నేను వినలేదు. అతని మొహం చూసినప్పుడల్లా కొత్త బెల్టే గుర్తొచ్చి మాట పెగలదు. అతనేమో ఇదంతా గ్యారేజీ రికార్డుల కోపమనుకుని, రెండుసార్లు పెట్రోలు గుడ్డ పట్టుకుని అట్టలు తుడవడానికి వచ్చాడు. నాకు అతని మీద కోపం లేదు. ఆవిడ లేదన్న దుఃఖాన్ని పెట్టుకోవడానికి చోటు లేక అతని మీద పెట్టాను.

ఇంతవరకూ రాసి, బతికుండగా అన్న మాట గురించి వకీలు గారిని అడిగాను. నేను పోయాక ఈ కాగితం ద్వారా పానాకు తెలిస్తే మాట తప్పినట్టు కాదు గదా అన్నది నా ప్రశ్న. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎవరు బతికుండగా అని ఆవిడ చెప్పారా అన్నారు. చెప్పలేదు. అలాంటప్పుడు ఆ మాట అన్న మనిషి బతికుండగా అనే చదువుకోవాలని, ఆ లెక్కన గడువు పదకొండేళ్ల కిందటే తీరిపోయిందని చెప్పారు. పదేళ్లకు పైగా దుకాణం మీదుగా రోజూ నడిచి వెళ్లే ఈ మనిషిని ముందే అడగాల్సింది.

కాబట్టి పైన సాక్షిగా రాసిన పానా పేరు ఇందుమూలముగా కొట్టివేయడమైనది. కారణం: అతను ఆస్తి పొందుతున్నాడు. ప్లేయరు, నారింజ రికార్డు, మా ఆవిడ కళ్లజోడు డబ్బా, అందులోని సాగిన బెల్టు సర్వహక్కులతో అతనికి, ఈ రోజు నుంచే చెందవలెను. అతని స్థానంలో పక్క దుకాణం దర్జీ గారు సాక్షిగా ఉండటానికి ఒప్పుకున్నారు.

వకీలు గారిని కాసేపు ఆగమని చెప్పి, డబ్బా పట్టుకుని ముందు గదిలోకి వెళ్లాను. అంతా చెప్పాను. పానా బెల్టును వేలికి చుట్టుకుని, ఎంత సాగిందో లాగి చూశాడు. తర్వాత ఒక్కటే మాట అన్నాడు: "ముందే చెప్తే పది నిమిషాల పని గదా బావా." ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాడు. పానా జేబులోనే ఉంది.

నా సంతకం కొంచెం వంకరగా ఉంటుంది. అక్షరాలు సరిగా కనిపించకపోవడానికి కారణం జోడు కాదు. సంతకం నాదేనని అందరూ గుర్తించాలి.

తేదీ: ఫిబ్రవరి తొమ్మిది, శుక్రవారం.

(సంతకం) కళ్లజోళ్లాయన

సాక్షులు:

1. పక్క దుకాణం దర్జీ.

2. పై వాటా ఆవిడ. తాను సంతకం చేసే సమయానికి కింద పాట బాగా నెమ్మదిగా మోగుతున్నదని, చీపురు కర్ర వాడలేదని, శబ్దం ఇంకొంచెం పెంచినా అభ్యంతరం లేదని ఆవిడ కోరిక మేరకు ఇందులో రాయడమైనది.