గుగ్గిలం పూసిన ఫ్యాను బెల్టు

నంద్యాల,
12-3-1957

ఆళ్లగడ్డ లారీ ఓనరు ఓబులయ్య గారికి నమస్కారాలు.

నిన్న మీరు పని మాన్పించిన డ్రైవరు కృపావరం నా అల్లుడు. నెలలో మూడు ఫ్యాను బెల్టులు తెగి ఇంజను కాగిందంటే, బండి తోలడం రాకనే అన్నారు మీరు. అప్పుడు నేను మీ షెడ్డులోనే ఉన్నాను. "పుల్లీ చూడప్పా" అన్నాను మీ మేస్త్రీతో. "నీకు లారీ సంగతి ఏం తెల్సు పెద్దాయనా, పత్తి మిల్లులో బెల్టులు తగిలించుకోపో!" అన్నాడు అతను. అందరూ నవ్వారు. చెప్పవలసింది చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

అయ్యా, పుల్లీ చక్రానికి బెల్టు కూర్చునే గాడి అరిగింది. కొత్త బెల్టు గాడి పక్కలను పట్టుకోకుండా అడుగుకు దిగి జారుతోంది. అందుకే గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది. జారే బెల్టు కీచుమని అరుస్తుంది. అరవకుండా గుగ్గిలం పూయమన్నది నేనే. మిల్లు బెల్టులకు అట్లే పూస్తాం. అరుపు ఆగింది గాని, జారడం ఆగలేదు; బెల్టు కాగి తెగేదాకా వాడికి తెలియకుండా పోయింది. కృపావరం నా పేరు మీకు చెప్పలేదు.

వాడిని మళ్లీ పనిలో పెట్టుకోండి. గురువారం వచ్చి షెడ్డు బయట నిలబడతాను. అడిగితే మళ్లీ నోరు పెగలదేమో. పుల్లీ దగ్గరికి తీసుకుపోండి, వేలు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
కృపావరానికి పిల్లనిచ్చిన మామ