బ్రేకు మీది కాలు

సెప్టెంబర్ 20, మంగళవారం

బ్రేకు ఫెయిలైంది. ఆదివారం నుంచి అందరికీ ఇదే చెబుతున్నాను. తెలంగాణ కోసం సాగుతున్న లెక్చరర్ల సమ్మె శిబిరంలో, పాల బూత్ దగ్గర, ఫోన్లో బావమరిదికి. ఎవరూ రెండో ప్రశ్న వేయరు. పాత కారు, ఈ ఎండాకాలమే భార్య పోయిన మనిషి — తలలూపి వదిలేస్తారు.

యాదమ్మ కుడి పాదం మీద గంజి పడింది. మా వీధి చివర జాకెట్లు కుట్టే యాదమ్మ. బతుకమ్మ పండుగ ఇంకో వారమే ఉంది. కాలితో తొక్కే మిషను ఆమెది. వీధి ఆడవాళ్ల బట్టలన్నీ ఆమె దగ్గరే ఉండిపోయాయి.

చూడ్డానికి వెళ్లలేదు. రేపు.

సెప్టెంబర్ 21, బుధవారం

వెళ్లలేదు.

జరిగింది జరిగినట్టు రాయాలి. చైతన్యపురి మలుపులో వంటావార్పు. రోడ్డు మధ్య రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వచ్చిపోయే వాళ్లందరికీ అక్కడే భోజనం. విస్తరాకులు, కూరగాయలు తెచ్చే పని నాకు అప్పగించారు — సమ్మెలో ఉన్నవాణ్ణి, ఇంట్లో బండి ఉన్నవాణ్ణి. పోలీసు బారికేడ్లు దాటి మెల్లగానే వచ్చాను. నడిచే మనిషి వేగం కూడా లేదు. పొయ్యికి చాలా ఇవతలే బ్రేకు తొక్కాను. ఆగబోతుండగా పెడల్ గర్రుమని కాలిని కొట్టింది. తర్వాత గుండిగ ఒరిగి ఉంది. పొయ్యి పక్కనున్న యాదమ్మ అరుస్తోంది.

ఆ రెండింటి మధ్య... ఇంకా రాయలేను.

సాయంత్రం వాకిట్లోనే పరీక్ష పెట్టాను. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, అలాగే అదిమి పట్టుకున్నాను. నూనెను తోసే సిలిండరు లోపల పాడైతే పెడల్ నెమ్మదిగా కిందికి దిగిపోవాలి. దిగలేదు. కాలు అలాగే ఉంచి ఇంజను స్టార్ట్ చేశాను. కొంచెం దిగి నిలబడింది — మంచి బ్రేకు అలాగే చేయాలి. బ్రేకు ఆయిల్ గీత దగ్గరే ఉంది. చక్రాల లోపలి వైపు తడుముతూ తిరిగాను. ఎక్కడా తడి లేదు.

పెడల్ దిగిపోవాలని కోరుకుంటూ కూర్చున్నాను. ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఫలితం ముందే కోరుకుని ప్రయోగం చేస్తున్నాను.

సెప్టెంబర్ 22, గురువారం

బస్సుల్లేవు. శిబిరానికి నడక. దారిలో యాదమ్మ ఇల్లు వస్తుందని వెనక వీధిలోంచి వెళ్లాను.

ఆదివారం ఇంకొకటి కూడా జరిగింది. గుండిగ ఒరగగానే ఎవరో బండి నంబరు చూశారు. ఏపీ ఏడు. 'గుంటూరు బండిరా ఇది' అన్నారు. బానెట్ మీద అరచేతి దెబ్బలు. మా కాలనీ మల్లేశ్ అడ్డం వచ్చాడు — సారు మనోడే, సమ్మెల ఉన్నడు. ఆ మాట చాలు. వాళ్లు అప్పటికే తగ్గుతున్నారు.

నేను మాత్రం నోరు మూసుకోలేదు. 'మాది నల్లగొండ. బండి మా ఆవిడది. వాళ్లది గుంటూరు. బ్రేకుల్లేని బండి' అన్నాను.

రమ ఉండగా ఈ మాట అనేవాణ్ణి కాదు. లేదు కాబట్టి అన్నాను.

సెప్టెంబర్ 23, శుక్రవారం

సైదాబాద్ దాకా ఫస్ట్ గేర్లో వెళ్లాను. మెకానిక్ సలీం షెడ్డు షట్టర్ సగం దించి ఉంది. బంద్ అంటే బంద్, లోపల పని లోపల పనే. రమ ఎప్పుడూ ఇతని దగ్గరికే వచ్చేది. చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. 'మేడమ్ సంగతి తెల్వది సార్ నాకు. మొన్ననే ఎవరో చెప్పిండ్రు.'

పైపుల్లో గాలి ఉందన్నాడు. చక్రం చక్రానికీ పాత ఆయిల్ వదిలించి కొత్తది పోశాడు. నేను పెడల్ తొక్కడం, అతను కింద నట్టు తిప్పడం. బుడగ ఒక్కటీ రాలేదు. నేను అనుకున్నదీ అదే. గాలి ఉంటే పెడల్ మెత్తగా ఉంటుంది, కొట్టదు.

నడిపి చూస్తానని ఎక్కాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. చెయ్యి కిందికి పెట్టి సీటు వెనక్కి తోశాడు.

సీటు జరపొద్దు అని అరిచాను. షెడ్డు బయటి దాకా వినిపించేంత. పాపం అతను దిగిపోయాడు. అది రమ కూర్చున్న దూరం. ఆమె పొట్టి. జూన్ నుంచి నేను మోకాళ్లు ముడుచుకుని, మడమ గాల్లో ఉంచుకుని ఆ సీట్లోనే నడుపుతున్నాను.

ఇంటికొచ్చాక ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. ఏ గాడిలో ఉండేదో తెలియడం లేదు.

సెప్టెంబర్ 24, శనివారం

ఎల్బీ నగర్ అవతల సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంది. వేగంగా వెళ్లి తొక్కితే ఏమీ లేదు, బండి తిన్నగా ఆగుతుంది. మెల్లగా వెళ్లి మెల్లగా తొక్కితే, సరిగ్గా ఆగే ముందు — గర్ర్. మళ్లీ మళ్లీ చేశాను. ఎప్పుడూ అక్కడే. తారు పొడిగా ఉంది, చక్రం జారే అవకాశం లేదు. ఏబీఎస్ పని, జారే చక్రాన్ని వదిలి పట్టుకోవడం. జారకుండానే జారుతోందనుకుంటోంది.

సలీంతో చెప్పాను. ఈసారి ముందు చక్రం విప్పాడు. చక్రం తిరుగుతోందో లేదో చెప్పే సెన్సరు చుట్టూ తుప్పు, ఇనుప రజను. నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి చక్రం ఆగిపోయినట్టే తెలుస్తుంది. గీకి, తుడిచి బిగించాం.

'ఇది పాతదే సార్. మేడమ్‌కు అప్పుడే చెప్పిన. నాకు అలవాటే పోనీ అన్నది. కాలు తియ్యకుంటే ఆగుతది, జర లేటుగ. మీరు కాలు తీసిండ్రా?'

లేదు అన్నాను.

సెప్టెంబర్ 25, ఆదివారం

రాసేస్తున్నాను.

పెడల్ కొట్టగానే కాలు తీశాను. పాము మీద వేసినట్టు తీశాను. మళ్లీ పెట్టబోతే మోకాలు స్టీరింగుకు తట్టుకుంది. బండి తన మానాన ముందుకు పోయింది. అంతే జరిగింది.

రమ ఒకసారి చెప్పింది. నేను పక్క సీట్లో పేపరు చదువుకుంటున్నాను. "అది కొట్టుద్ది. కొట్టనియ్యండి. కాలు మాత్రం తియ్యమాకండి." ఊఁ అన్నాను. నడిపేది తను కదా.

సెప్టెంబర్ 26, సోమవారం

బ్రేకు ఇప్పుడు కొట్టడం లేదు.

యాదమ్మ ఇంటికి వెళ్లాను. ఎత్తుపీట మీద పాదం, గుడ్డ కట్టు, కట్టు చుట్టూ వాపు. మిషను మీద దుప్పటి. కుట్టని జాకెట్లు కొన్ని పక్క వీధి టైలరుకు పంపేసిందట. వచ్చే ఏడు వాళ్లు అక్కడికే పోతారని తనే నవ్వింది. నేను కూర్చోలేదు. ఏమన్నా కావాలా అని అడిగాను.

'దవాఖానకు పోవాలె సారూ. కట్టు మారుస్తరట. షేర్ ఆటోల నడుమ ఈ కాలు యాడ పెట్టుకోను? నీ బండి మంచిగైందంట గద.'

అయిందన్నాను. ఆమె అక్కడితో ఆపలేదు. 'రమమ్మ నడిపినన్ని దినాలు గిట్ల గాలే. ఆమె పోయినంక బండి గూడ పరేషానైంది.'

బుధవారం వస్తానని చెప్పి వచ్చేశాను. ఎక్కించుకునే ముందు చెప్పాలి. ఎవరి కాలు నమ్ముకుని ఎక్కుతోందో ఆమెకు తెలియాలి.

సెప్టెంబర్ 28, బుధవారం

ఎక్కించుకునే ముందు చెప్పలేదు.

సీటు నా దూరానికి జరుపుకున్నాను. కొత్తపేట దాకా ఊరేగింపు, ఆగుతూ పోతూ. ప్రతి ఆగుడుకీ పెడల్ మీద నా కాలినే చూసుకున్నాను. ఆమె కిటికీలోంచి జెండాలు చూస్తూ, ఎవరెవరు ఏ వీధి వాళ్లో చెబుతూ కూర్చుంది. కట్టు విప్పుతుంటే నన్ను బయటికి పొమ్మన్నారు. నర్సు మాత్రం ఇంకో పది రోజులు మిషను ముట్టొద్దంది.

తిరిగొచ్చి ఆమె గుమ్మం ముందు ఆపాక చెప్పాను. బ్రేకు ఫెయిలవలేదు. కొట్టింది, నేను కాలు తీశాను. తీయకపోతే ఆగేది. నంబరు చూసి అరిచినవాళ్లకు రమ పేరు చెప్పి తప్పుకున్నానని కూడా చెప్పాను. ముందు అద్దంలోకి చూస్తూ చెప్పాను, ఆమె వైపు కాదు.

ఆమె తలుపు తెరిచి కట్టు కాలు బయటపెట్టింది. తర్వాత —

'బండిది తప్పంటే నాకు కోపం లేకుండె. బండి మీద ఏం కోపం? ఇప్పుడు నువ్వు మనిషివైతివి.'

చెయ్యి పట్టుకుంటానని దిగాను. వద్దంది. గోడ పట్టుకుని రెండు మెట్లు ఎక్కి, అటు తిరిగే అడిగింది. 'నా కాలంటే తెల్వక కాలబెట్టినవ్. అమ్మనెందుకన్నవ్ సారూ?'

సెప్టెంబర్ 29, గురువారం

ముందు వీధిలోంచే శిబిరానికి వెళ్లాను.

శిబిరంలో మల్లేశ్ కొత్త లెక్చరరుకు నన్ను చూపిస్తూ చెబుతున్నాడు — సారు బండికే బ్రేకులు ఫెయిలైనయ్. కాదు, నేను కాలు తీశాను అన్నాను. ఎందుకు సార్ ఇప్పుడు అవన్నీ అని టీ గ్లాసు చేతిలో పెట్టాడు.

సెప్టెంబర్ 30, శుక్రవారం

ఈ రోజు కూడా కట్టు మార్చాలి. రమ్మనలేదు. వద్దనలేదు.

బండి తీసి ఆమె గుమ్మం ముందు పెట్టాను. హారన్ కొట్టలేదు. ఇది స్టీరింగు మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతున్నాయి.

షేర్ ఆటో ఒకటి వచ్చి నా వెనక ఆగింది. వెనక సీటు సగం ఖాళీగా ఉంచాడు. ఆమె పిలిపించిందో, ఊరికే ఆగాడో తెలియడం లేదు. జరగమని చెయ్యి ఊపుతున్నాడు. జరిగితే గుమ్మం అతనిది.

తలుపు గడియ తీస్తున్న చప్పుడు. ఏది ఎక్కుతుందో ఆమె ఇష్టం, నేను బ్రేకు మీది కాలు తీయలేదు.