గౌరి వేసిన రాయి

రాములూ,

నువ్వు చనిపోయాక మొన్న ఆదివారమే మళ్లీ పిల్లలతో టైడా కొండెక్కాం. పైన కనుమలో కొండదేవతకి తలా ఒక రాయి వేసేటప్పుడు, నడవకుండా ఒకరి భుజమెక్కి వచ్చిన పిల్లలు వెయ్యకూడదన్నది నీ నియమం. పోయినేడు నీ భుజమ్మీద వచ్చిన మీ గౌరి అందుకే ఏడ్చింది.

ఈసారి సగం దారిలో దాని కాలికి ముల్లు దిగింది. ముల్లు తీసి, "ఇలా రా గుంటా, ఎత్తుకుంతాను" అన్నాను.

"వద్దు మావా. నువ్వే ఆయాసపడతన్నావు, బేగి నడు" అని నన్నే కసిరింది.

కుంటుతూనే పైకొచ్చి, రాళ్ల కుప్ప మీద తన రాయి పెట్టింది. అచ్చం నీ మొండితనమే.

తరవాత నా ముందు నిలబడి, "దిగినప్పుడు ఎత్తుకోవచ్చని నాన సెప్పాడు" అంది.

నువ్వు చెప్పావో లేదో నాకు తెలీదు. నేను మాత్రం వంగాను.